అద్దాల బీరువాలో అప్పన్న

గుండె ఆగినవాళ్ళ ఛాతీ మీద నొక్కడం నేర్పడానికి తెప్పించిన బొమ్మను ఎవరూ నొక్కకుండా అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ బీరువా ముందు కుర్చీలు వేసి, నర్సులను కూర్చోబెట్టి, గాలిని నొక్కించి, శిక్షణ పూర్తయిందని చేతిలో సర్టిఫికెట్లు పెడుతున్నారు. ఇది అన్యాయం. ఈ మాట మర్యాదగా చెప్పాను, గట్టిగా చెప్పాను, రాసి కూడా ఇచ్చాను. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం మొదటినుంచీ రాస్తున్నాను. మనుషుల పేర్లు మార్చాను. మా శిక్షణ కేంద్రం ఏ ఊళ్ళోదో రాయను. నా ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. రాయదగినన్ని లేవు కూడా.

మందుపెట్టెల చదువు

నేను ఆపరేషన్ థియేటర్లో అటెండరుగా చేరాను. బడి చిన్నప్పుడే మానేసినవాణ్ణి. నాకు ఇంగ్లీషు నేర్పింది మందుపెట్టెల్లో మడతపెట్టి ఉండే సన్న కాగితాలు. అందరూ వాటిని పారేసేవారు. నేను ఇంటికి పట్టుకెళ్ళి, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివేవాణ్ణి. అందుకే నాకు రోడ్డు మీద ఇంగ్లీషులో దారి చెప్పడం రాదు గానీ, వాంతులు, దద్దుర్లు, కళ్ళు తిరగడం బాగా వచ్చు.

మా మత్తు డాక్టరుగారు కోపిష్టి. ఒకసారి నేను కాగితం చదువుతూ ఉండగా పట్టుకున్నారు.

"ఏటోయ్, అర్థమయ్యే చదువుతన్నావా?"

"ఈ మందు కడుపుతో ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదని ఉందండి. బయట బల్ల మీదున్నావిడకి అదే తీసి పెట్టారు."

ఆయన పరుగెత్తారు. తిరిగొచ్చి, ఆ రోజునుంచి నన్ను తన పక్కనే నిలబెట్టుకున్నారు. గుండె ఆగినప్పుడు ఆయన నొక్కుతుంటే చూశాను. ఆయన చేతులు అలసిపోతే నేను నొక్కాను. నా చేతులు అలసిపోతే ఆయన తిట్టారు. అలా నేర్చుకున్నాను. తర్వాత జిల్లాలో నర్సులకూ, ఆరోగ్య కార్యకర్తలకూ ప్రాణరక్షణ శిక్షణ కేంద్రం పెట్టినప్పుడు, "వీడు నేర్పుతాడు" అని ఆయనే పంపారు. శిక్షకుడని బోర్డు మీద వేరే డాక్టరుగారి పేరుండేది. ఆయనకు కేంద్రం ఏ వీధిలో ఉందో తెలుసని నేను ప్రమాణం చేసి చెప్పలేను.

బొమ్మ వచ్చిన రోజు

పెట్టె విప్పేసరికి లోపల మనిషి. తెల్లటి ముఖం, మూసిన కళ్ళు, తెరిచిన నోరు. చేతులు లేవు, నడుం కింద ఏమీ లేదు. వరండా ఊడుస్తున్న కన్నమ్మ చీపురు వదిలేసి వచ్చింది.

"ఓలమ్మో! బాబూ, ఇతనికి నడుం కింద ఏటైపోనాదండి?"

"అంతే వస్తాడు కన్నమ్మా. గుండె సంగతి నేర్పడానికి కాళ్ళెందుకు?"

"మరి బతికినాక ఇంటికెలగెల్తాడు?"

ఆ నోరు తెరిచి పడుకోవడం అచ్చం తాగొచ్చిన తన మేనమామ అప్పన్నలా ఉందని ఆవిడే అంది. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది. పెట్టె మోయడానికి ఒక చెయ్యి వేసినందుకు కన్నమ్మ ఇంటికెళ్ళి తలస్నానం చేసింది. మర్నాడు నన్నూ అడిగింది, చేశారా లేదా అని.

అప్పన్న దగ్గర ఒక గొప్ప గుణముంది. సరైన లోతుకు నొక్కితే లోపల టక్కుమంటాడు. పైపైన నిమిరితే పలకడు. కొత్తగా వచ్చిన నర్సులు మొదట చంటిపిల్లకు నూనె రాసినట్టు రాస్తారు. గట్టిగా నొక్కమంటే "నొప్పెడతాది కదండీ" అంటారు. చచ్చినవాడికి నొప్పేమిటి అని నేను తిట్టాలి. అప్పుడు కసిగా ఒకటి వేస్తారు. టక్కు! ఉలిక్కిపడి చేతులు తీసేస్తారు, ఏదో విరిగిపోయిందని. తియ్యకూడదని, ఆ చప్పుడు తర్వాతే అసలు పని మొదలని, అది భయం కాదు కొలత అని చెప్పడానికే నాకు సగం రోజు పట్టేది. ఈ సంగతి గుర్తుంచుకోండి. నా గొడవంతా దీని గురించే.

కోటబొమ్మాళి బస్సు

కేంద్రానికి జీపుండేది. అది ఎప్పుడూ ఆఫీసరుగారింటికి కూరగాయలు తెచ్చే పని మీద ఉండేది. అందువల్ల కోటబొమ్మాళిలో నర్సులకు నేర్పడానికి అప్పన్నను బస్సులో తీసుకెళ్ళాను. వాడి సంచి జిప్పు పోయింది. దుప్పటి చుట్టి, కిటికీ పక్కన సీట్లో కూర్చోబెట్టాను. బస్సు కదిలిన కాసేపటికి నా ముందు రెండు వరసలూ ఖాళీ అయ్యాయి. కండక్టరు వచ్చాడు.

"ఎవరండి ఇతను?"

"బొమ్మ."

"బొమ్మైతే దుప్పటెందుకు కప్పినారు?"

"చూస్తే జనం భయపడతారని."

"కప్పినందుకే భయపడతన్నారు సూడండి."

వెనక నుంచి చేపలమ్మే ఆవిడ లేచింది. "ఏటి కండక్టరుబాబూ, నా గంపేమో వాసనని బస్సు మీద కట్టించినావు. పీనుగుని మాత్రం సీట్లో కూకోబెడతావేటి? దానికి వాసన్లేదేటి?"

ఇక లాభం లేదని దుప్పటి తీసేశాను. "ఓరి దేవుడో, సగమే మిగిలినాడు!" అని ఎవరో అరిచారు. చేపలావిడ మాత్రం దగ్గరికొచ్చి అప్పన్న ముక్కు పట్టుకుని పిండి చూసింది. "రబ్బరురా! కూకోండి, కూకోండి" అని అందర్నీ కూర్చోబెట్టింది.

కండక్టరుకు ఇంకా సందేహం. "సగమే ఉన్నాడు గదా, హాఫ్ టికెట్టు కొట్టీమంటారా?"

డ్రైవరు తల తిప్పకుండానే తీర్పు చెప్పాడు. "ఊపిరుందేటి? లేదు గదా. లగేజీ కొట్టు."

ఆ తర్వాత ఇది దేనికని అడిగారు. నడవలో పడుకోబెట్టి చూపించాను. ఒకరి తర్వాత ఒకరు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని నొక్కారు. టక్కుమన్నప్పుడల్లా బస్సంతా "ఆఁ!" అంది. టక్కుమనకపోతే "తిండి తిన్లేదేటిరా!" అని వెక్కిరించింది. చేపలావిడ చివర్లో అప్పన్న ముఖంలోకి చూసి, "ఇంతమంది ఇంత కష్టపడినా లెగనేదు. నీకు బతకాలని లేదురా నాయినా" అని వెళ్ళి కూర్చుంది. నా ఉద్యోగంలో జరిగిన శిక్షణలన్నిటిలోకి అదే మంచిదని ఇప్పటికీ అంటాను. ఆ బస్సులో ఎవరూ ఎవరి అనుమతీ అడగలేదు.

మర్యాద

అనుమతి సంగతి చెప్పాలి, ఎందుకంటే మన ఆసుపత్రుల్లో అసలు జబ్బు అదే.

ఒకసారి మా కేంద్రంలో నర్సులు వంతులవారీగా ఆపకుండా నొక్కుతున్నారు. ఆపితే మెదడుకు రక్తం ఆగిపోతుందని పొద్దున్నుంచీ గొంతు చించుకున్నాను. బాగా చేస్తున్నారు. ఇంతలో సూపరింటెండెంటుగారు తలుపు తీసుకుని లోపలికి వచ్చారు. అందరూ ఒక్కసారిగా లేచి నిలబడి "నమస్తే సార్" అన్నారు. నొక్కుతున్న అమ్మాయి కూడా లేచింది. అప్పన్న ఆ రోజు మర్యాదకు చనిపోయాడు.

"ఎందుకాపారు?" అన్నారాయన.

"తమరొచ్చారని సార్," అంది హెడ్ నర్సు.

"మరి పేషెంటు?"

హెడ్ నర్సు అప్పన్న వైపు ఒకసారి చూసింది. "పేషెంటేమీ అనుకోడు సార్."

ఆయన సంతోషించి కూర్చున్నారు. టీ వచ్చింది. బల్ల లేదని పళ్ళెం అప్పన్న పొట్ట మీద పెట్టారు. నేను తీసేశాను. ఆయన టీ చేతిలో పట్టుకుని తాగాల్సి వచ్చిందని నాకు మెమో ఇచ్చారు.

దీనికి నవ్వుకోండి, కానీ వార్డులో జరిగేదీ ఇదే. గుండె ఆగిందని తెలిసీ, పెద్దవాళ్ళు రాకుండా ముట్టుకుంటే మాట వస్తుందని గోడకు ఆనుకుని నిలబడినవాళ్ళను నేను చాలామందిని చూశాను. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. భయస్థులు. మీకు చెబుతున్నాను, ఆ క్షణంలో మంచం పక్కన మీరుంటే మీరే పెద్ద. తర్వాత మెమో వస్తే తీసుకోండి. నేను తీసుకోలేదా?

నోట్లో నిమ్మకాయ

దసరాకు అన్నిచోట్లా పనిముట్లకు పూజ చేస్తారు. మేమూ చేసేవాళ్ళం. బీపీ మిషన్లకు బొట్లు, ఆక్సిజన్ సిలిండరుకు దండ, జీపుకు గుమ్మడికాయ. అప్పన్నను ఎప్పుడూ పెట్టెలోనే ఉంచేవాణ్ణి. నేను రిటైరయ్యే ఏడు సెలవులో ఉండగా ఎవరో భక్తిగా వాణ్ణి కూడా తీసి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశారు. నిమ్మకాయ పెట్టడానికి చేతులు లేవు కాబట్టి నోట్లో పెట్టారు.

పండగ తర్వాత గరివిడి వైపు నుంచి నర్సులు వచ్చారు. నోటితో ఊపిరి ఊదే పాఠం వచ్చేసరికి ఒక్కరూ వంగలేదు.

"పూజ సేసిన ముఖానికి నోరెలగ ఆనిస్తాం మాస్టారూ? ఎంగిలైపోదేటండి?"

"స్పిరిట్‌తో తుడిచానమ్మా."

"ఎంగిలి స్పిరిట్‌కి పోతాదేటండి?"

ఒకావిడ పెద్దమనసుతో, "పోనీ రేపు ఉపాసముండి వచ్చి ఊదుతాను" అంది. అప్పన్నను చంకలో పెట్టుకుని కుళాయి కింద సబ్బుతో కడిగాను. కుంకుమ కారడం చూసి ఇద్దరు కళ్ళు మూసుకున్నారు. స్టోరు కీపరు లక్ష్మణరావు పరుగెత్తుకుంటూ వచ్చాడు. వాడికి దేవుడి భయం లేదు, ఆడిటు భయం ఉంది. నీళ్ళు లోపలికెళ్తే స్ప్రింగు తుప్పు పడుతుందని, అప్పుడు తనే జవాబు చెప్పాలని గోల పెట్టాడు. ఆ గోల కొత్తగా వచ్చిన సూపరింటెండెంటుగారి దాకా వెళ్ళింది. నేను రిటైరయ్యాను. అప్పన్న బీరువాలోకి వెళ్ళాడు.

గాలిని నొక్కడం

కొన్నాళ్ళకు ఒక శిక్షణ ముగింపు సభకు నన్ను పిలిచారు. వెళ్ళేసరికి బీరువా ముందు నర్సులు కుర్చీల్లో ఉన్నారు. లోపల అప్పన్న నిలువుగా, చిన్న లైటు కింద, మళ్ళీ దండతో ఉన్నాడు. సూపరింటెండెంటుగారు మైకు పట్టుకున్నారు.

"అందరూ చేతులు చాపండి. ఎదురుగా ఉన్న బొమ్మను నొక్కినట్టు భావించండి."

అందరూ కూర్చున్నచోటే గాలిని నొక్కారు. వరస తప్పలేదు. గాజులు కూడా ఒకేసారి మోగాయి. నేను లేచాను.

"సార్, గాలికి ఛాతీ ఉండదండి."

"మాస్టారూ, అది విలువైన బొమ్మ. పాడైపోతే మళ్ళీ రాదు."

"పేషెంటు పాడైపోతేనో?"

"పేషెంట్లు వస్తూనే ఉంటారు కదండీ," అన్నారాయన, నన్ను ఓదారుస్తున్నట్టు.

ఆ నర్సుల్లో నీలమ్మ ఉంది. సముద్రపొడ్డున పల్లె నుంచి వచ్చిన పిల్ల. సభ అయ్యాక నా వెనకే వచ్చింది.

"మాస్టారూ, నాకు మా ఊరి పక్క సెంటర్లోనే పోస్టింగిచ్చినారు. అక్కడొచ్చేది మునిగిపోనోలే. మా అయ్యని తీసుకొచ్చి ఉప్పుకుప్పలో పీకదాకా పాతినారండి, ఉప్పు నీల్లు లాగేస్తాదని. ఉప్పులోనే పోనాడు. నేను గాలి నొక్కి ఎల్తే నేనూ ఉప్పు పోసినట్టే గదండీ. ఒక్కసారి ఆ బొమ్మని నొక్కనిమ్మనండి."

ఇద్దరం స్టోరుకు వెళ్ళాం. లక్ష్మణరావు తాళంచెవి జేబులోంచి తీసి, చూసుకుని, మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"ఇప్పుడు మంచి కండీషన్లో ఉన్నాది మాస్టారూ. కండీషన్లో ఉన్నదాన్ని వాడి పాడుసేస్తారేటి?"

"అయితే పాడైనాక ఇస్తారేటండి?" అంది నీలమ్మ.

"పాడైనాక వాడకూడదమ్మా. రూలు."

నీలమ్మ నా వైపు చూసింది. నేను లక్ష్మణరావు వైపు చూశాను. వాడికి నిజంగానే జాలేసింది. "కావాలంటే దగ్గిరకెల్లి సూడమ్మా. అద్దం తుడిసినాను," అన్నాడు.

చేసేది లేక మా ఇంటికి తీసుకొచ్చాను. గోనెసంచిలో ఊక కూరి గట్టిగా కుట్టాను. నీలమ్మ ఆ వారమంతా రోజూ వచ్చి మా వరండాలో దాన్ని నొక్కింది. చేతులెత్తినప్పుడల్లా "ఆపమని ఎవరన్నారు?" అని అరిచేవాణ్ణి. మా ఆవిడ ఊక ఊడవలేక, "అది నేరం ఒప్పేసుకున్నాదమ్మా, ఇంకొగ్గీ దాన్ని" అనేది. నొక్కడం వచ్చింది. కానీ ఊకబస్తా టక్కుమనదు. నా భయం అదే.

ఒడ్డు మీద

నీలమ్మ ఉద్యోగంలో చేరిన కొద్దిరోజులకే పొద్దున్నే అలకు తెప్ప తిరగబడింది. నూకరాజు అనే అతన్ని ఒడ్డుకు లాగారు. ఊపిరి లేదు. డ్యూటీకి వెళ్తున్న నీలమ్మ చూసేసరికి నలుగురు అతన్ని కాళ్ళూ చేతులూ పట్టుకుని ఉప్పుమడుల వైపు మోసుకుపోతున్నారట. ఆ తర్వాత జరిగింది ఆ పిల్ల నాకు చెప్పినట్టే రాస్తున్నాను.

"బేగి కిందెట్టండి!" అని అడ్డం పడింది. ఆ గొంతుకు వాళ్ళు పెట్టేశారు. మునిగినవాడికి ముందు ఊపిరి కావాలి కాబట్టి ముక్కు మూసి నోట్లో నోరు పెట్టింది. నూకరాజు పెళ్ళాం జుట్టు పట్టుకోవడానికొచ్చింది.

"ఒసే, నా మొగుడి నోట్లో నోరెడతావేటే!"

"నీ మొగుడు కావాలా, ఆడి నోరు కావాలా అప్పా? సెప్పు బేగి!"

పెళ్ళాం ఆగిపోయింది. నీలమ్మ నొక్కడం మొదలుపెట్టింది. కాసేపటికి చేతుల కింద పక్కటెముక ఫట్‌మంది.

"నా సేతులు ఆగిపోనాయి మాస్టారూ. బస్తా ఎప్పుడూ అలగనలేదు. నేనే సంపేసినాననుకున్నాను."

జనం కూడా అదే అనుకున్నారు. "ఇరిసీసినాదిరో! ఉప్పుకి పట్టండి!" అని ఇద్దరు కాళ్ళు పట్టుకుని లాగారు. నీలమ్మ అతని బనీను రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. బనీను చినిగింది. అప్పుడు, వరండాలో నేను అరిచే అరుపు గుర్తొచ్చి ఒళ్ళు మండి, "ఆపమని ఎవడన్నాడు!" అని తనే అరిచి, అతని మీద పడి మళ్ళీ నొక్కింది. ఆ అరుపుకు కాళ్ళు లాగేవాళ్ళు కూడా వదిలేశారు. కాసేపటికి నూకరాజు సముద్రమంతా కక్కి దగ్గాడు.

ఆసుపత్రిలో అతను మొట్టమొదట అన్న మాట: "నా పక్క ఇరిసీసినాదెవులు?" పెళ్ళాం ఎండుచేపలు పట్టుకుని నీలమ్మ దగ్గరికి వచ్చింది, పక్కటెముక గురించి ఫిర్యాదు కూడా పట్టుకొచ్చింది. రెండూ ఇచ్చి వెళ్ళింది.

నీలమ్మ నాకు ఇదంతా చెప్పి ఏడ్చింది. అతను బతికినందుకు కాదు. "ఆ ఫట్‌కి ఆగిపోనాను గదండీ. ఇంకొకలైతే మల్లీ ఎట్టరు సెయ్యి," అంది. నిజం. అప్పన్నను ఒక్కసారి టక్కుమనిపించి ఉంటే ఆ పిల్ల ఆగేది కాదు. తనతో పాటు గాలిని నొక్కినవాళ్ళంతా ఇప్పుడు వార్డుల్లో ఉన్నారు.

అర్జీ

అందుకే అర్జీ రాశాను. నీలమ్మ సంగతి దాచకుండా రాశాను. ఆమె ఎందుకు ఆగిపోయిందో, ఆగితే ఏమయ్యేదో, బొమ్మ టక్కుమనడం ఎందుకు అవసరమో విడమరిచి చెప్పి, బీరువా తాళం తీయించమని, గాలిని నొక్కిన నర్సులందరినీ తిరిగి పిలిపించి అప్పన్నను నొక్కించమని అడిగాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. వెళ్ళి వరండాలో కూర్చున్నాను. నా చేతిరాత బాగుందని ఒక గుమాస్తా మెచ్చుకున్నాడు. చివరికి జవాబు వచ్చింది. ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"మీ అర్జీ క్షుణ్ణముగా పరిశీలించడమైనది. స్టాఫ్ నర్సు కుమారి నీలమ్మ సదరు బొమ్మను ఎన్నడూ తాకకుండానే శిక్షణ పూర్తిచేసి, ఒక వ్యక్తి ప్రాణమును కాపాడినట్లు మీరే స్వయముగా తెలియజేసియున్నారు. దీనినిబట్టి ప్రస్తుత శిక్షణా విధానము సంతృప్తికరముగా ఉన్నదని నిర్ధారణ అయినది. కావున బీరువా తెరువవలసిన అవసరము కనబడుటలేదు. బొమ్మ క్షేమముగా ఉన్నది. విరిగిన పక్కటెముక బొమ్మది కానందున దానితో ఈ కార్యాలయమునకు సంబంధము లేదు. బొమ్మను నొక్కని కారణముగా ఇకముందు ఎవరైనా మరణించిన యెడల, తగిన ఆధారములతో మరల దరఖాస్తు చేసుకొనగలరు."